ఆదివారం ఫోన్ ఆగిపోయాక

మా డోరిస్ అమ్మమ్మకి నాలుగు భాషలొచ్చు. ఫిజీలో సువా మార్కెట్ పక్క సందులో నలభై ఏళ్ళు సరుకుల కొట్టు నడిపిన మనిషి. ఫిజియన్‌లో బేరమాడేది, హిందీలో అరువు లేదనేది, ఇంగ్లీషులో ఇన్‌స్పెక్టర్‌ని టీ తాగి పొమ్మనేది. నాలుగోది హొయ్‌పింగ్ మాట. వాళ్ళ నాన్న సీటో యొక్‌వింగ్ చైనా నుంచి ఓడలో తెచ్చుకున్న సామానులో చెదలు పట్టకుండా మిగిలింది అదొక్కటే.

ఆ మాట మాట్లాడుకోవడానికి ఆమెకు ఫిజీలోనే అవతల లౌతోక ఊళ్ళో కుయెన్ అనే తమ్ముడుండేవాడు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోన్ మోగేది. రాజ్యాలేలే మాటలేం కావు. నీ మోకాలెలా ఉంది, నా పంది కూర మాడింది, ఆ డాక్టరుకి ఏమీ తెలీదు. అరగంట అయ్యాక తమ్ముడు "మెల్లగా నడువక్కా" అనేవాడు. అమ్మమ్మ "నువ్వు మెల్లగా కూర్చో" అనేది. వాళ్ళ ఊళ్ళో గుమ్మం దగ్గర సాగనంపేవాళ్ళు ఒకటి, వెళ్ళేవాళ్ళు ఒకటి అనుకునే మాటలవి. కుర్చీలో కూర్చుని ఫోన్ పట్టుకున్న మనిషి ఎక్కడికి నడుస్తుందని ఇంట్లో అందరూ పగలబడి నవ్వేవాళ్ళు.

పోయినేడు గాలివానల నెలలో తమ్ముడు పోయాడు. ఆ తర్వాత కూడా ఆదివారం పూట అమ్మమ్మ ఫోన్ పక్కనే కూర్చుని దాన్ని గుడ్డతో తుడిచేది. అంత తుడుపు ఆ ఫోన్ కొన్నప్పుడు కూడా చూడలేదు. పిల్లలెవరికీ ఆ మాట రాదు. ఆమె నేర్పలేదంటుంది మా అమ్మ. మీరు నేర్చుకోలేదంటుంది అమ్మమ్మ. ఇద్దరి మాటా నిజమే.

అందుకే ఒకరోజు భోజనాల దగ్గర, "నాన్న పుట్టిన ఇల్లు చూసొస్తాను" అని ప్రకటించేసరికి అందరూ నమ్మినట్టు తలలాడించారు. ఆమెకి కావలసింది ఇల్లు కాదు. తన మాటలో ఎవరో ఒకరు ఒక్క పూట తనతో మాట్లాడాలి. తనొకటంటే వాళ్ళొకటనాలి. డెబ్బై మూడేళ్ళ వయసులో సముద్రాలు దాటింది అందుకు.

తోడుగా ఇద్దరు. కొట్టు ముందు ముప్పై ఏళ్ళుగా చామదుంపలమ్మే వసితి, ఎదురు వరసలో బట్టలు కుట్టే బిమ్లా. వసితి నడుస్తుంటే ఓడ రేవుకొస్తున్నట్టుంటుంది. బిమ్లాకి ఫోన్ తప్ప దేవుడు లేడు.

"అక్కడ దిగాక మీరిద్దరూ నోరు తెరవక్కర్లేదు" అంది అమ్మమ్మ విమానంలో బెల్టు పెట్టుకోలేక తంటాలు పడుతూ. "నేనున్నాను. నా వాళ్ళ దేశం."

"సరేనమ్మా రాణీ, ముందా బెల్టు పెట్టుకో" అంది వసితి.

గ్వాంగ్‌జౌలో దిగగానే గాజు అద్దం వెనకున్న ఆఫీసరు అమ్మమ్మ మొహం చూసి గబగబా ఏదో అడిగాడు. అమ్మమ్మ ఒళ్ళంతా చెవులు చేసుకుని వింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అది ఉత్తరాది మాట, ఇప్పుడు దేశమంతా నడిచేది అదే. ఆమె తన హొయ్‌పింగ్ మాటలో, "నాయనా, మెల్లగా చెప్పు" అంది. ఆఫీసరు కళ్ళజోడు సర్దుకుని ఇంకోసారి పాస్‌పోర్టు చూశాడు. పుస్తకం మీద ఫిజీ, మొహం మీద చైనా, నోట్లో నుంచి మాత్రం ఏదో ముత్తాతల కాలపు శబ్దం. ఆ పాస్‌పోర్టు ఇంకో అద్దానికీ, మరో అద్దానికీ తిరిగి ముప్పావుగంటకి వచ్చింది. వసితినీ బిమ్లానీ ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా ముద్ర గుద్ది పంపారు.

"నీ వాళ్ళ దేశం కదా దీదీ, వదల్లేకపోయారు" అంది బిమ్లా.

అమ్మమ్మ నవ్వలేదు.

మధ్యాహ్నం ఒక పెద్ద హోటల్లో భోజనం. బల్ల మీద కూజాలో టీ పెట్టారు, దాని పక్కన ఒక పెద్ద గాజు గిన్నె. పనమ్మాయి వచ్చి కప్పులూ గిన్నెలూ తినే పుల్లలూ ఆ గిన్నెలో పెట్టి, వాటి మీద టీ ఒంపి, గిరగిరా తిప్పి, అన్నీ తీసి ఎవరి ముందు వాళ్ళకి పెట్టి వెళ్ళిపోయింది. మధ్యలో గోధుమరంగు నీళ్ళతో పెద్ద గిన్నె మిగిలింది.

వసితి దాన్ని చూసి సర్దుకుని కూర్చుంది. మా దగ్గర ఏ ఊరెళ్ళినా ముందు యంగోనా పెడతారు. వేరు నూరి కలిపిన నీళ్ళు, అచ్చం ఆ రంగే, అలాగే నడిమధ్యన పెద్ద పాత్రలో. మర్యాద తెలిసిన మనిషి తాగకుండా ఉండకూడదు.

"డోరిస్, ముందు ఎవరు తాగాలి?"

అమ్మమ్మ గిన్నె వంక చూసింది. సువాలో వాళ్ళమ్మ ఎప్పుడూ ఇలా చెయ్యలేదు. కానీ తెలీదని ఎలా చెబుతుంది?

"అతిథి తాగాలి" అంది ధీమాగా.

వసితి యంగోనాకి చేసినట్టే దొప్పలా ముడిచిన అరచేతులతో ఒకసారి గట్టిగా చప్పట్లు చరిచి, గిన్నె రెండు చేతులా ఎత్తి, గుటక ఆపకుండా అడుగు దాకా తాగి, కింద పెట్టి మళ్ళీ మూడుసార్లు చరిచింది. ఆ వెంటనే నవ్వు, ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి పాకింది. ఒకాయన లేచొచ్చి వసితితో ఫోటో కూడా దిగాడు.

"ఇసా! అయ్యో, చప్పగా ఉంది. వీళ్ళ వేరు పాతదేమో" అంది వసితి మూతి తుడుచుకుంటూ.

పనమ్మాయి పరిగెత్తుకొచ్చింది. అవి కప్పులు కడిగిన నీళ్ళని చేతులతో చూపించింది. తర్వాత అమ్మమ్మ వైపు తిరిగి, హొయ్‌పింగ్ మాటకి దగ్గరి చుట్టమైన కాంటన్ మాటలో, మరీ మెల్లగా అంది: "ఆవిడంటే పరాయి దేశం. మీరు చైనావాళ్ళే కదండీ, మీరు చెప్పొద్దూ?"

ఆ దేశంలో అమ్మమ్మకి మొత్తంగా అర్థమైన మొదటి వాక్యం అదే.

వసితి ఏం చేసినా ముచ్చటే. బిమ్లా ఫోన్‌లో మాట్లాడితే ఫోన్ చైనా మాట పలికేది, కొట్టువాళ్ళు జామకాయలు కోసి చేతిలో పెట్టేవాళ్ళు. అమ్మమ్మ నోరు తెరిస్తే మాత్రం, పల్లెటూరి ముసలిది, ఏమీ చదువుకోలేదన్న చూపు. సాయంత్రం గదిలో ఇద్దరూ మంచం మీద దొర్లి నవ్వుతూ ఆ ఫోటో చూసుకుంటుంటే ఆమె కిటికీ దగ్గర నిలబడింది. కింద వీధినిండా తన మొహాలే. తన ముక్కు, తన కనుబొమలు, వాళ్ళమ్మ నడక. అందులో ఒక్కరు కూడా ఆమెకేమీ కారు. సువాలో ఉన్నప్పుడు ఒంటరితనానికి కనీసం ఒక కారణం చెప్పుకునేది, మనవాళ్ళు దూరంగా ఉన్నారని. ఇక్కడ ఆ కారణం కూడా పోయింది.

"దీదీ, ఇటు రా. నువ్వూ మాట్లాడు, ఫోన్ చెబుతుంది" అని పిలిచింది బిమ్లా.

అమ్మమ్మ ఫోన్ దగ్గర నోరు పెట్టి తన మాటలో, "నాన్న ఊరు ఎంత దూరం?" అంది. ఫోన్ కాసేపు ఆలోచించి, "కోడి గొడుగులో ఉద్యోగం చేసింది" అని ఇంగ్లీషులో చెప్పింది. వసితి మంచం మీంచి కిందపడినంత పని చేసింది. అమ్మమ్మ కూడా నవ్వింది, అందరికంటే ముందే ఆపేసింది.

మర్నాడు బస్టాండులో నాన్న తన పేరూ ఊరూ రాసిచ్చిన కాగితం చూపించింది. కిటికీ అమ్మాయి "కైపింగ్" అని టిక్కెట్లు ఇచ్చింది. అమ్మమ్మ వెనక్కి తోసేసింది.

"కైపింగ్ కాదు, హొయ్‌పింగ్. మా నాన్నకి తన ఊరి పేరు తెలీదా?"

ఊరు అదే, ఉత్తరాది నోటికి పేరు అలా తిరుగుతుందంతే. ఆ సంగతి తేలేసరికి మూడు బస్సులు పోయాయి. వసితి పెట్టె మీద కూర్చుని, సువా నుంచి తెచ్చిన బిస్కెట్లు సగం డబ్బా ఖాళీ చేసింది.

"డోరిస్, మీ నాన్న ఇంత మొండివాడా, లేక నువ్వేనా?"

"నోరు మూసుకుని తిను."

"మూసుకుంటే ఎలా తినేది?"

చివరికి ఒక అద్దె వ్యాన్ వాళ్ళని ఊరి మొదట్లో దింపింది. వరి మళ్ళ మధ్య బూడిదరంగు మేడలు, కోటల్లా, కిటికీలకి ఇనప తలుపులు. అన్నిటికీ తాళాలు. కట్టుకున్నవాళ్ళలో ఒకరు కెనడా, ఒకరు హాంకాంగ్, ఒకరు ఎక్కడో. కాగితంలోని ఆనవాళ్ళతో దొరికిన నాన్న ఇంటి గుమ్మంలో మొలిచిన బొప్పాయి చెట్టుకి కాయలు కూడా ఉన్నాయి. అమ్మమ్మ తలుపు మీద చెయ్యి పెట్టి తీసేసింది. ఎంతసేపు చూసినా తలుపు తలుపే. తలుపు మాట్లాడదు కదా.

పక్క ఇంట్లో బట్టలారేస్తున్న కోడలు పిల్ల ఉత్తరాది నుంచి వచ్చింది. అమ్మమ్మ అడిగిందేమీ ఆమెకు అర్థం కాలేదు. కాగితం మీద ఇంటిపేరు చూసి మాత్రం ముఖం విప్పారింది. చెయ్యి పట్టుకుని సందు చివరి ఇంటికి తీసుకెళ్ళింది. అక్కడ గడపలో తొంభై ఏళ్ళ ముసలమ్మ కూర్చుని ఆవ ఆకులు తుంచుతోంది. కోడలు పిల్ల తన చెవులు చూపించి చెయ్యి అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది. అమ్మమ్మ అదేమీ పట్టించుకోలేదు. విమానం ఎక్కినప్పటి నుంచి అద్దం ముందు అప్పజెప్పుకున్న వాక్యం గొంతులోకి తెచ్చుకుంది.

"అమ్మా, నేను సీటో యొక్‌వింగ్ రెండో కూతుర్ని. ఫిజీ నుంచి వచ్చాను. భోంచేశారా?"

ముసలమ్మ తలెత్తి చూసింది. ఆకు కింద పెట్టింది.

"ఇప్పుడా వచ్చేది, చచ్చిన కోడీ!" అంది.

అచ్చమైన హొయ్‌పింగ్ మాట. వాళ్ళమ్మ కొట్టు వెనక బియ్యం ఏరుతూ తిట్టిన తిట్టు. అమ్మమ్మ గడప మీదే కూలబడింది.

"మూడేళ్ళు! మూడేళ్ళయింది నువ్వు హాంకాంగ్ పోయి. మీ అమ్మ సమాధి మీద గడ్డి నా నడుమంత పెరిగింది. నా నడుము చూడు, వంగిపోయిన నడుము, అంతెత్తు! ఎవరు పీకాలి? నేనా?"

"అమ్మా, నేను ఆవిణ్ణి కాదు. నేను ఫిజీ…"

"బస్సు లేదంటావు. ఎవరికి చెబుతావు? బస్సుంది!"

అప్పుడు తెలిసింది అమ్మమ్మకి ఆ చెవుల సంగతి. చెవి దగ్గరికి వంగి అరిచింది. ముసలమ్మ ఈగని తోలినట్టు చెయ్యి ఊపింది. హాంకాంగ్ పోయిన ఆ ఎవరో కూతుర్ని వదలకుండా తిడుతూనే ఉంది. గుడ్లు పెట్టని కోళ్ళ గురించి, కప్పు కారే వంటిల్లు గురించి, ఉప్పు ఎక్కువేసే కోడలి గురించి. ఆ మాటలన్నీ అమ్మమ్మకి తెలుసు. ఒక్కోటి అరవై ఏళ్ళ కిందటి వంటింట్లోంచి నడిచొచ్చి పక్కన కూర్చున్నట్టుంది.

అరవడం మానేసింది. మామూలు గొంతుతో, ఆదివారం ఫోన్‌లో చెప్పినట్టే చెప్పుకుంటూ పోయింది. "మోకాలు నొప్పి తగ్గలేదమ్మా. కుయెన్ పోయాడు, నీకు తెలీదు. వాడి పెళ్ళాం ఫోన్ చెయ్యదు. పోయిన వారం పంది కూర బానే కుదిరింది." ముసలమ్మ తిడుతోంది, అమ్మమ్మ చెబుతోంది. దూరం నుంచి చూసేవాళ్ళకి ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఊసులాడుకుంటున్నట్టే ఉంది. దగ్గరికెళ్తే ఆమెకిది వినబడదు, ఈమెకి జవాబు రాదు.

మధ్యలో ముసలమ్మ లేచి టీ పెట్టింది. పెద్ద గిన్నెలో కప్పులు వేసి టీతో కడిగింది. వసితి చెయ్యి అలవాటుగా గిన్నె మీదికి వెళ్ళింది. అమ్మమ్మ చటుక్కున ఒక్కటిచ్చింది. దాన్ని చూసి ముసలమ్మ పళ్ళు లేని నోటితో నవ్వింది. ఆ పూట మొత్తంలో ఇద్దరూ ఒకే సంగతి మాట్లాడుకున్నది అప్పుడే.

వ్యాన్ హారన్ మోగింది. అమ్మమ్మ బిస్కెట్ల డబ్బా ముసలమ్మ ఒళ్ళో పెట్టి లేచింది. ముసలమ్మ గడప దాకా వచ్చి, కోపం తీరిన గొంతుతో అంది:

"మెల్లగా నడువు."

ఏడాదిగా ఎవరూ అనని మాట. అమ్మమ్మ కళ్ళు తుడుచుకుని, "మీరు మెల్లగా కూర్చోండమ్మా" అనేసరికి ముసలమ్మ వెనక్కి తిరిగి ఆకుల బుట్ట వెతుక్కుంటోంది. అమ్మమ్మ ఇంకోసారి అంది, గట్టిగా. వంగిన వీపు అలాగే లోపలికి వెళ్ళిపోయింది.

"ఏమంది?" అడిగింది వసితి.

"జాగ్రత్తగా వెళ్ళమంది."

"అంతేనా? దానికి ఈ కళ్ళనీళ్ళెందుకు?"

"దుమ్ము."

బిమ్లా వ్యాన్‌లోంచి తల బయటపెట్టి, "దీదీ, ఆయన వెళ్ళిపోతానంటున్నాడు, త్వరగా!" అని కేకేసింది. హారన్ మళ్ళీ మోగింది. ఆగకుండా మోగింది. అమ్మమ్మ వినిపించుకోలేదు. నడవమని చెప్పినట్టే, సందు పొడుగునా, ఒక్కొక్క రాయీ చూసుకుంటూ, మెల్లగా నడిచింది.