కొండ దిగాల్సిన బండి

మా బావ వడ్రంగి. కర్ర ముక్క చేతికిస్తే అది ఏ చెట్టుదో, ఎన్ని వానలు తిన్నదో, ఎండితే ఏ వైపుకి వంగుతుందో చెప్పేస్తాడు. ఇనుముతో మాత్రం ఆయన పరిచయం మేకు దగ్గరే ఆగిపోయింది. అలాంటి మనిషి ఒకరోజు పాత సామాన్ల కొట్టు నుంచి తుప్పు పట్టిన ఫోర్‌ వీల్‌ డ్రైవ్‌ ట్రక్కునొకదాన్ని లారీకి కట్టి ఈడ్పించుకొచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. దానికి ముందు అద్దం లేదు, వెనక తలుపు లేదు. సీట్లలో ఎలుకలు పిల్లా పాపలతో కాపురం చేస్తున్నాయి. స్టీరింగు వెనకాల మా బావ మాత్రం కొత్త పెళ్లికొడుకులా కూర్చుని ఉన్నాడు.

“ఎవరి కోసం బావా ఈ అస్థిపంజరం?” అన్నాను.

“మీ అక్క కోసం” అన్నాడు దిగుతూ.

నవ్వొచ్చింది గానీ, ఎందుకు తెచ్చాడో తెలుసు కాబట్టి నవ్వలేకపోయాను. అక్క నర్సు. ఆమెను కొండమీది ఆసుపత్రికి బదిలీ చేశారు. బస్సు కొండ కిందదాకానే వెళుతుంది. అక్కణ్ణించి పైకి ఉన్నదాన్ని రోడ్డు అనడం మర్యాద కోసమే. రాళ్లు, గోతులు, వాన వస్తే వాగు. ఆసుపత్రి వెనకాల నర్సు కోసం ఒక గది ఉంది. వారమంతా అక్కడ ఉండి ఆదివారం ఇంటికి రావాలి. అక్కకు ముందు పనిచేసిన నర్సులంతా అలాగే ఉన్నారట.

ఇందులో బాధపడాల్సిందేముంది, ఉద్యోగం అన్నాక తప్పదు కదా అని మీరు అనవచ్చు. కానీ వాళ్ల పెళ్లయిన కొత్తలో బావ పెద్ద పెద్ద కట్టడాల దగ్గర తలుపులు, కిటికీలు బిగించే పనికి ఊళ్లు పట్టుకు తిరిగేవాడు. చుట్టంలా వచ్చేవాడు, చుట్టంలా వెళ్లేవాడు. ఇంటికొచ్చినప్పుడు తువ్వాలు ఎక్కడుందో అక్కను అడిగేవాడు. అలా చాలా ఏళ్లు గడిచాక ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసుకుని, సొంత పని మొదలుపెట్టి, హమ్మయ్య అనుకున్నాడు. ఇద్దరూ ఒకే వేళకు అన్నం తినడం అలవాటవుతుండగా ఈ బదిలీ వచ్చి పడింది. ఇప్పుడు చుట్టంలా వచ్చిపోవడం అక్క వంతు.

“రోజూ పొద్దున నేనే దింపుతా, సాయంత్రం నేనే తీసుకొస్తా” అన్నాడు బావ ఆ బండి బానెట్‌ మీద చరుస్తూ. చేతికి తుప్పు అంటింది.

అక్క బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. ఆమె ఊరికే దేన్నీ కాదనదు, అలాగని ఊరికే ఔననదు. “ఎక్కడం సంగతి నాకు బెంగ లేదు. ఎక్కలేకపోతే ఆగిపోతుంది, అంతే కదా. దిగడం సంగతి చెప్పండి. బ్రేకు నాకు నమ్మకం కుదిరేలా పడితేనే అందులో కూర్చుంటాను. లేదంటే ఆ గదిలోనే ఉంటాను. రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగడం నా వల్ల కాదు.”

అలా మొదలైంది. కొత్త సామాన్లు కొనే స్తోమత లేదు కాబట్టి బావ తనకు తెలిసిన దారి పట్టాడు. వెనక బల్లలన్నీ పాత తలుపుల చెక్కతో కొత్తగా వేశాడు. ముందు అద్దం వేరే బండిది దొరికితే అది కాస్త చిన్నదైంది. చుట్టూ చెక్క ఫ్రేము కట్టి, రబ్బరు పెట్టి, పుట్టుకతోనే అతుక్కున్నట్టు కూర్చోబెట్టాడు. డాష్‌బోర్డు కోసం విరిగిపోయిన బీరువా తలుపు చెక్కి పాలిష్‌ పెట్టాడు. అందులో మొహం చూసుకోవచ్చు. కింద తుప్పుకు పడ్డ కంతలకు నూనె డబ్బాల రేకు కత్తిరించి రివెట్లు కొట్టాడు. ఎలుకల సంసారాన్ని ఖాళీ చేయించి, పాత పరుపులో కొబ్బరి పీచు తీసి సీట్లు నింపాడు. ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి తాళం తిప్పితే ఇంజను దగ్గి, తుమ్మి, నల్లటి పొగతో షెడ్డంతా నింపి చివరికి నడిచింది. ఆ రోజు బావ నన్ను కౌగిలించుకున్నాడు. నా తెల్ల చొక్కా మళ్లీ తెల్లబడలేదు.

మిగిలింది బ్రేకు. ముందు చక్రాల పళ్లేలను రెండు పక్కలా పట్టి నొక్కే ఇనుప దవడలు ఉంటాయి, వాటిని కాలిపర్లు అంటారు. మా బండివి తుప్పుతో బిగుసుకుపోయాయి. కొట్టువాడు మరో చచ్చిన బండి నుంచి ఒక జత ఊడదీసి ఇచ్చాడు. బావ వాటిని ఇంటికి తెచ్చి, విప్పి, గీకి, కొత్త రబ్బర్లు వేసి, ఎర్ర రంగు కొట్టి, బట్టలారేసే తీగకు వేలాడదీశాడు. కుడిది ఒక చివర, ఎడమది ఒక చివర. ఎందుకు ఎర్ర రంగు అంటే, చక్రం లోపలున్నా అందం అందమేనట. వడ్రంగి బుద్ధి ఎక్కడికి పోతుంది!

వాటిని బిగించాక బ్రేకు గొట్టాల్లో చిక్కుకున్న గాలి తీసేయాలి. ఈ పనికి ముగ్గురు కావాలి. అక్క పెడలు దగ్గర, బావ చక్రం దగ్గర, నేను టార్చి, సీసా పట్టుకుని ఆయన నెత్తి మీద. “తొక్కు… తొక్కు… తొక్కి పట్టు!” అంటాడు బావ. స్క్రూ తిప్పుతాడు. బుడగలతో నూనె సీసాలోకి కారుతుంది. బిగిస్తాడు. “వదులు!” అంటాడు. మళ్లీ మొదలు. ఎదురింటి మాస్టారు వరండాలో కుర్చీ వేసుకుని ఈ సంగీతమంతా వినేవారు. “ఏమోయ్, అమ్మాయికి నాట్యం నేర్పిస్తున్నావా?” అని ఒకసారి బావను అడిగారు కూడా.

ఎంత నూనె పోసినా, ఎన్నిసార్లు తొక్కినా పెడలు మాత్రం మెత్తగానే ఉండేది. బురదలో కాలు పెట్టినట్టు దిగిపోయేది. బావ ఫోన్లో వీడియోలు చూశాడు. తెలిసిన మెకానిక్కుని బతిమాలి తీసుకొచ్చాడు. ఆయన పెడలు తొక్కి, తల అడ్డంగా ఊపి, పైనున్న నూనె సిలిండరు పోయిందన్నాడు. బావ ఎక్కడో వెతికి ఇంకోటి తెచ్చి మార్చాడు. అదే బురద. గొట్టాలు మార్చాడు. అదే బురద. మనిషి చిక్కిపోయాడు. షెడ్డులో ఎవరివో రెండు తలుపులు సగం చెక్కి పడి ఉన్నాయి, వాటివైపు చూడటం కూడా మానేశాడు.

సోమవారం అక్క కొండమీద చేరాలి. శనివారం ఆమె ఏమీ అనకుండా సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది. దుప్పటి, చిన్న స్టవ్వు, బకెట్టు. బావ గుమ్మంలో నిలబడి అది చూశాడు. బండి దగ్గరికి వెళ్లి, చక్రం విప్పి, దాని ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

ఆదివారం మధ్యాహ్నం కూడా అక్కడే కూర్చుని ఉంటే అక్క వచ్చి ఆయన పక్కన కూర్చుంది. “పోనీలెండి. ఇన్నేళ్లు నేను ఉండలేదా, మీరూ ఉంటారు” అంది.

“నువ్వున్నావు కాబట్టే తెలుసు, అదెంత కష్టమో” అన్నాడు బావ.

అక్క ఆ ఎర్రటి దవడ మీదికి వంగి చూసింది. “ఏమండీ, గాలి బయటికొచ్చే స్క్రూ ఇదేనా?”

“అదే.”

“మరి ఇది అడుగున ఉందేంటి?”

“అడుగునుంటే ఏమైంది?”

“గాలి పైకి కదా పోతుంది! సిరంజిలో బుడగ తీయాలంటే మేం సూదిని పైకి పట్టుకుని నొక్కుతాం. మీరు సూది కిందికి పెట్టి పిండుతున్నారు. మందంతా కారిపోతుంది గానీ బుడగ ఎలా పోతుంది?”

బావ ఒక్క ఉదుటున లేచి అవతలి చక్రం దగ్గరికి పరుగెత్తి, నేల మీద పడుకుని లోపలికి తొంగిచూశాడు. “ఇదీ కిందే ఉంది!” అని అరిచాడు. “కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ బిగించాను!”

“అంత తేడా తెలీకుండా ఎలా బిగించావు బావా?” అన్నాను.

“తీగ మీద సరిగ్గా అటోటి ఇటోటి పెట్టానురా! ఆ వరసలోనే తీసి బిగించా.”

అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నా యూనిఫాం మీద రంగు పడుతుందని నేనే వాటిని తీసి మళ్లీ తగిలించాను” అంది చిన్నగా.

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తర్వాత నవ్వు మొదలైంది. కడుపు పట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వాం. మాస్టారు వరండాలోంచి లేచి వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు, మాకేమైందోనని.

కాలిపర్లు అటువి ఇటు మార్చాం. స్క్రూలు పైకొచ్చాయి. “తొక్కు… తొక్కి పట్టు!” సీసాలో ఇన్నాళ్లూ దాక్కున్న గాలంతా గుడగుడలాడుతూ వచ్చింది. కాసేపటికి పెడలు దగ్గర్నుంచి అక్క గొంతు వినిపించింది. “ఏమండీ, ఇంక దిగట్లేదు. గట్టిగా ఉంది.” బావ బండి కింద నుంచి లేవలేదు. అక్కడే వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు.

సోమవారం పొద్దున ముగ్గురం ఎక్కాం. బండి మూలుగుతూ, ఊగుతూ, ఒక్కో రాయినీ పలకరిస్తూ కొండెక్కింది. అక్క సంచీ కూడా తెచ్చుకుంది. ఆసుపత్రి ముందు దిగి, “ఇప్పుడు మీరిద్దరూ బండిలో కొండ దిగండి. సాయంత్రం క్షేమంగా వస్తే అప్పుడు నేనెక్కుతాను” అంది. తన ప్రాణం కంటే ముందు తమ్ముడి ప్రాణంతో పరీక్ష పెట్టింది మా అక్క. ఇంతకంటే గొప్ప ప్రేమ ఎక్కడుంటుంది!

దిగుతుంటే నేను పక్కన కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాను. బావ చిన్న గేరులో మెల్లగానే తీశాడు. అన్నిటికంటే నిటారు మలుపు తిరిగేసరికి ఎదురుగా నీళ్ల ట్యాంకరు దారికి అడ్డంగా నిలిచిపోయి ఉంది. దాని పక్కన డ్రైవరు చేతులూపుతున్నాడు. బావ పెడలు తొక్కాడు. బండి ముక్కు కిందికి వంచింది, కంకర కరకరలాడింది, అంతే, ఆగింది. ట్యాంకరుకు ఇంకా బోలెడు జాగా ఉండగానే ఆగింది. ఏటవాలులో ముందుకి ఒక్క బెత్తెడు కూడా జారలేదు.

బావ నుదురు స్టీరింగుకి ఆనించాడు. “ఆగిందిరా బామ్మర్దీ” అన్నాడు. “ఆగింది బావా” అన్నాను. ట్యాంకరు పక్కకు జరిగాక కూడా డ్రైవరు వచ్చి అద్దం తట్టేదాకా అలాగే కూర్చున్నాం.

సాయంత్రం మేం పైకి వెళ్లేసరికి అక్క ఆసుపత్రి మెట్ల మీద నిలబడి ఉంది. పక్కన ఆయమ్మ. అక్క చేతిలో గది తాళంచెవి. ఆమె బండిని చూడలేదు, బావను చూడలేదు. నా మొహంలోకి చూసింది, చిన్నప్పుడు జ్వరం ఉందో లేదో చూసినట్టు. “నిజం చెప్పరా. ఎలా దిగింది?”

“దారికి అడ్డంగా ట్యాంకరుంది అక్కా. బావ తొక్కాడు, బండి ఆగింది. జారలేదు. ఒట్టు.”

అక్క తాళంచెవి ఆయమ్మ చేతిలో పెట్టింది. “ఆ గది నాకొద్దు ఆయమ్మా. రోగులతో వచ్చినవాళ్లు రాత్రిళ్లు వరండాలో పడుకుంటున్నారు కదా, వాళ్లకి తెరవండి” అంది. ముందు సీట్లో బావ పక్కన ఎక్కి కూర్చుంది. నేను వెనక బల్లల మీద, బకెట్టు పక్కన.

బండి కదిలింది. రెండో మలుపు దగ్గర నేను ఉండబట్టలేక ముందుకి వంగి, “ఎలా ఉందక్కా?” అని గట్టిగా అడిగాను. బావ వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి నన్ను ఆపాడు.

“అరవకురా” అన్నాడు గుసగుసగా. “మీ అక్క నిద్రపోయింది.”