బూడిద అంటిన పచ్చజొన్నలు

నా చిన్నప్పుడు మేము మూసారాంబాగ్‌లో కిరాయికి ఉండేవాళ్లం. ఆ ఏడు మా నాయనమ్మ మంచం పట్టింది. అన్నం చూస్తేనే మొహం తిప్పుకునేది. అడిగిందల్లా ఒక్కటే, పచ్చజొన్న రొట్టె. దుకాణాల్లో తెల్లజొన్నలే దొరికాయి. తెచ్చి చూపిస్తే "గివి జొన్నలా?" అని కసిరింది. ఒంట్లో ఓపిక పోయినా నోట్లో పదును మాత్రం పోలేదు.

అప్పుడే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మైదానంలో రైతుల సంబరం పెట్టారు. ఊళ్ల నుంచి వచ్చిన చిన్న రైతులు తాము పండించినవి గంపల్లో పోసుకుని కూర్చున్నారు. కందులు చెట్టుకు కాస్తాయో తీగకు కాస్తాయో తెలియని పదేళ్ల పట్నం పిల్లని నేను. కొర్రలు, సామలు, అనుములు అంటూ ప్రతి గంప దగ్గరా ఆగి పేరు అడిగాను. చివరి వరుసలో, నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక తాత దగ్గర పచ్చజొన్నలు కనబడ్డాయి. అప్పటికే అమ్ముడుపోయి గంప అడుగున నాలుగు గింజలే మిగిలాయి. నాకు ఏడుపు ఆగలేదు, నాయనమ్మ సంగతంతా చెప్పాను. తాత వెనక దాచుకున్న గుడ్డమూట తీసి నా చేతిలో పెట్టాడు.

"జర మిగిలినయి బిడ్డా, తీస్కపో. పైసలొద్దు."

ఇంటికి వెళ్లి గింజలు నాయనమ్మ దోసిట్లో పోశాను. ఆమె వాసన చూసింది, వేళ్లతో నలిపింది. వేళ్లకు బూడిద అంటింది. నడుమ ఎండిన వేపాకు కూడా తగిలింది. మురిసిపోతుందనుకుంటే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఇవి ఇత్తనాలు బిడ్డా. పురుగు పట్టొద్దని బూడిద కలిపి దాచుకున్నడు. పిచ్చోడు, వానలు పడితే ఏమేస్తడు? ఎనుకకు ఇచ్చిరా."

"మరి నువ్వేం తింటవ్?"

"నా ఆకలి నాతోనే పోతది. ఇత్తు లేక వాని చేను పడావు పడొద్దు."

మర్నాడు పొద్దున్నే మైదానానికి వెళ్లి మూట తిరిగి ఇచ్చాను. తాత దాన్ని కళ్లకద్దుకుని, తన సద్ది విప్పి ఒక పచ్చజొన్న రొట్టె తీశాడు.

"నిన్న గూడ సద్దిల రొట్టె ఉండె. గట్టివడ్డ రొట్టె పానం బాగలేనోళ్లకు ఎట్లియ్యాలని సిగ్గయింది."

పరుగున ఇల్లు చేరేసరికి గుమ్మం ముందు జనం ఉన్నారు. నాయనమ్మ పోయింది. మూడోరోజు పిట్టకు పెట్టిన విస్తట్లో అమ్మ ఆ రొట్టె కూడా పెట్టింది. కాకి ముందు దాన్నే ముట్టింది. పెద్దవాళ్లంతా తృప్తిగా చేతులు జోడించారు. నాకైతే ఆ కాకిని రాయి పెట్టి కొట్టాలనిపించింది.

మొన్న ఎల్బీనగర్‌లో రైతుల పండగ జరిగితే మనవరాలిని తీసుకుని వెళ్లాను. పచ్చజొన్నలు అమ్మే ఆమె నా తెల్లజుట్టు చూసి రెండు దోసిళ్లు ఎక్కువే పోసింది. "ఇత్తనాలకు ఉంచుకున్నవా?" అని అడిగాను. "ఉంచుకున్న అమ్మా" అన్నాకే సంచి అందుకున్నాను. ఎవరు ఏం ఇచ్చినా, ఇచ్చినవాళ్లకేం మిగిలిందో చూడకుండా తీసుకోలేను. ఆ బుద్ధి నాయనమ్మ పెట్టిందే. అయినా, అడిగిన ఒక్క రొట్టె తినకుండానే పోయిందన్న బాధ అరవై దాటినా నాకు తగ్గలేదు.