మేయరుకు అర్థం కాని 'మా'

పెళ్ళి కార్డులో 'మా' వదిలేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. బర్మాలోని పజుండౌంగ్‌లో శుభలేఖలు అచ్చువేసే ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం నా పని. బర్మీసులో వయసు పిల్ల పేరుకు ముందు 'మా', పెద్దావిడ పేరుకు ముందు 'డా' ఉండాలి. లేకపోతే పెళ్ళివారు కార్డుల కట్ట తెచ్చి బల్లమీద కొడతారు. ఉత్త పేరు రాయడమంటే 'ఒసే' అని పిలిచినట్టే. అందుకే మా చెల్లెలి పాస్‌పోర్టు ఫారం నింపినప్పుడు దాని పేరుకు ముందు 'మా' అని గుండ్రంగా, ముచ్చటగా రాశాను. పుట్టిన సర్టిఫికెట్లో మాత్రం ఉత్త పేరే ఉంది. ఉయ్యాల్లో పిల్లకు మర్యాదలేమిటని మా నాన్న రాయించలేదు.

చెల్లెలు ఇటలీలో ఒక ఊళ్ళో ముసలివాళ్ళను చూసుకునే పనిలో ఉంది. వెళ్ళి పన్నెండేళ్ళు. మొన్న ఆ దేశం వాళ్ళు పౌరసత్వం మంజూరు చేశారు. ఆరు నెలల్లోగా ఆ ఊరి మేయరు ముందు నిలబడి ప్రమాణం చెయ్యాలి, గడువు దాటితే మంజూరైంది కూడా చెల్లదు. తీరా వెళ్తే మేయరు ఆఫీసులో ఆపేశారు. పాస్‌పోర్టులో 'మా' అనే పేరుంది, సర్టిఫికెట్లో లేదు, వీళ్ళిద్దరూ ఒకరేనని మీ ఊరి నుంచి రుజువు తెమ్మన్నారు.

"మేయరంటే కాలవలు తీయించీవోడు కదే. మన పిల్ల పేరుతో ఆడికేటి పని?" అంది అమ్మ.

నేనూ అలాగే అనుకునేదాన్ని. చెత్తబండి ఆలస్యమైనప్పుడు తప్ప నాకు మేయరు గుర్తుకొచ్చిన రోజు లేదు. అక్కడ అలా కాదట. పుట్టినా, పెళ్ళాడినా, పోయినా మేయరు పుస్తకంలోకి ఎక్కాల్సిందే. ఆ మాటే చెప్పాను.

"అయితే సిత్రగుప్తుడను," అని అమ్మ తేల్చేసింది.

చెల్లెలు ఫోన్లో నీరసంగా మాట్లాడింది. "వదిలీ అప్పా. మళ్ళీ అర్జీ పెట్టుకుంతాన్లే."

నాకు ఒళ్ళు మండింది. "వదిలీడానికేనా పన్నెండేళ్ళు అక్కడున్నావు? తప్పు రాసింది నేను. దిద్దీది నేనే," అని ఫోన్ పెట్టేశాను.

మా పేట ఆఫీసులో గుమాస్తా నా మాట విని నవ్వాడు. "'మా' అంటే ఏమిటో తెలియనివాళ్ళుంటారా అక్కా?"

"ఉన్నారు. మేయరు."

"అందరికీ తెలిసినదాన్ని రాసివ్వడానికి మా దగ్గర ఫారం లేదు."

ఇంకో ఆఫీసుకు పొమ్మన్నాడు. వాళ్ళు మళ్ళీ ఇతని దగ్గరికే పొమ్మన్నారు. రెండు నెలలు ఇదే వరస. తెలియనిదానికి రుజువు దొరుకుతుంది గానీ తెలిసినదానికి దొరకదని అప్పుడు తెలిసింది. చివరికి నాకు తిక్క పుట్టింది. ఫారం లేదంటే నేను పనిచేసేది ప్రెస్సులో కదా! నేనే ఒక ఫారం అచ్చువేశాను. "ఈ దేశంలో 'మా' అనునది పేరు కాదు, మర్యాద కొరకు పేరుకు ముందు చేర్చు మాట" అని, కింద సంతకానికి గీత, ముద్రకు గడి. దానికి పేట ఆఫీసువాళ్ళు ఇంటింటికీ రాసిచ్చే మనుషుల జాబితా, మా ఇంటిది, జత చేశాను. జాబితాలో అమ్మ డా, మేమిద్దరం మా.

"ఇది పేరే అయితే, ఒకే పేరు ఇద్దరు కూతుళ్ళకి పెట్టే తల్లి ఉంటుందా?" అని అడిగాను. గుమాస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. నేను బెంచీ మీద కూర్చున్నాను, లేవలేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక వచ్చి సంతకం పెట్టి, ముద్ర కొట్టాడు.

కాగితం చేతికిస్తూ అన్నాడు, "ప్రమాణం అయ్యాక ఈ జాబితా మళ్ళీ తీసుకురా అక్కా. ఇంకో దేశం మనిషైతే ఇక్కడ పేరు కొట్టెయ్యాలి."

ఆ సంగతి నాకు తెలియనిది కాదు. అయినా అతని నోట విన్నాక ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. పక్కనున్న టీ కొట్లో కూర్చున్నాను. ఒక పాడు ఆలోచన వచ్చింది. ఈ కాగితం సంచిలోనే ఉండిపోతే? గడువు దాటిపోతుంది, దాని పేరు మా ఇంట్లోనే ఉంటుంది, నన్నెవరూ తప్పుపట్టరు. టీ చల్లారింది. తర్వాత నా మీద నాకే సిగ్గేసింది. ఆ సాయంత్రమే అనువాదం చేసే ఆయన దగ్గరికి వెళ్ళి, ఆయన గుమ్మంలోనే నిలబడి పని చేయించుకుని, చెల్లెలికి పంపించేశాను.

గడువుకు తొమ్మిది రోజుల ముందు ప్రమాణం జరిగింది. ఇక్కడ మధ్యాహ్నం, ప్రెస్సులో మిషను ఆపించి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్లో చూశాను. మేయరు ఒక ఆడమనిషి, భుజం మీదుగా మూడు రంగుల పట్టీ వేసుకుంది. చెల్లెలి పేరు తప్పు పలకకూడదని లోపల ఒకసారి అనుకుని, అప్పుడు బయటికి చదివింది. చెల్లెలు చెప్పాల్సింది ఒకే వాక్యం. తడుముకోకుండా చెప్పేసింది. నేను ఏడ్చాను. సంతోషమో దుఃఖమో విడదీయలేను, రెండూ ఉన్నాయి.

మర్నాడే జాబితా తీసుకుని పేట ఆఫీసుకు వెళ్ళాను. ఎవరూ రమ్మని కబురు పెట్టలేదు, నేనే వెళ్ళాను. గుమాస్తా కలం తీసి 'మా' దగ్గర గీత మొదలుపెట్టబోయాడు.

"ఆగండి," అన్నాను. "అది పేరు కాదు. మీరే సంతకం పెట్టి ఇచ్చారు. పేరు వరకే కొట్టండి."

అతను నా మొహం చూశాడు. ఈసారి నవ్వలేదు. కలం కాస్త పక్కకు జరిపి, పేరు మీద మాత్రం గీత గీశాడు.

అమ్మకు తెలుగే గానీ బర్మీసు చదవడం రాదు. ఇంటికొచ్చాక జాబితా చేతిలోకి తీసుకుని ఆ గీతను వేలితో తడిమింది.

"కొట్టీసినారా? ఏటి మిగిలిందే మరి?"

"మా," అన్నాను.

"మరి మాదే కదా," అని కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది.