మగ్గం గుంటలో పోసిన ఇసుక

నా నాలుక మీద ఒట్టు. ఇక్కడ రాస్తున్న ప్రతి మాటా నిజం. కళ్ల మీదో పిల్లల మీదో ఒట్టేయడం నాకు తేలికే. చాలాసార్లు వేశాను, మరుసటి నిమిషంలో మరిచిపోయాను కూడా. నాలుక మీద మాత్రం ఇదే మొదటిసారి.

ఒక ట్రాక్టరు ఇసుక నా గుండెల మీద పడి ఏళ్లయింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పినా మా పెడనలో నమ్మేవాళ్లు లేరు. నన్ను కోతల బావ అంటారు. బందరు కాలవలో మొసలిని తోక పట్టి లాగానని ఒకసారి చెప్పాను. గిలకలదిండిలో నేను వేలం పాడుతున్న చేప మధ్యలో లేచి తన ధర తనే పెంచుకుందని ఇంకోసారి చెప్పాను. నవ్వారు, టీ ఇప్పించారు. ఇలాంటి మనిషి ఒకరోజు టీ కొట్టు దగ్గర నిలబడి నేనొక తప్పు చేశాను అంటే ఏమంటారు? "కానీ బావా, ఇందులో మొసలి ఎక్కడొస్తుంది?" అంటారు. అందుకే మీకు రాస్తున్నాను. నా మొహం మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. అప్పుడే నన్ను అనుమానించడం మొదలుపెట్టారా? పెట్టండి. ఈ సంగతిలో అందరం చేసిన పని అదే.

ఇల్లు కట్టుకునేవాళ్లకి ఇసుక, ఇటుక, సిమెంటు కుదిర్చిపెట్టడం నా పని. వరలక్ష్మి వాళ్లది నేతపని చేసే ఇల్లు. వాళ్లాయన నన్ను బావా అంటాడు కాబట్టి ఆవిడ అన్నయ్యగారూ అంటుంది. మా మధ్య చుట్టరికమేమీ లేదు, ఉన్నది ఆ పిలుపొక్కటే. ఆ పిలుపుతోనే నాకు ఆ ఇంటి వంటగది దాకా చనువు.

వాళ్ల పెరట్లో మగ్గం గది ఉంది. మగ్గం ఆగిపోయి చాలా కాలమైంది. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంట మాత్రం నేలలో నోరు తెరుచుకుని ఉండేది. వరలక్ష్మి, ఆవిడ తోడికోడలు సుజాత కలిసి ఆ గదిలో పుట్టగొడుగులు పెంచుదామనుకున్నారు. సుజాత శిక్షణకి వెళ్లి నేర్చుకొచ్చింది. ఆ అమ్మాయి పుట్టిల్లు గుడివాడ వైపు. సంచుల్లో నింపడానికి వరిగడ్డి అక్కణ్ణించే తెస్తానంది. ఆలోచన మంచిదే. నేత గదిలో తేమ ఉండాలి, లేకపోతే దారం తెగుతుంది. పుట్టగొడుగుకి కావలసిందీ అదే. అప్పటిదాకా ఇద్దరూ కలంకారీ షెడ్డులో రోజంతా నిలబడి, ఎవరి బట్టల మీదో అచ్చులు అద్దేవాళ్లు. ఇది మాది అని చెప్పుకోడానికి వాళ్లకి దొరికింది ఆ గదొక్కటే.

నేల దగ్గర మొదలైంది వాదన. కడుక్కోడానికి వీలుగా ఉంటుందని వరలక్ష్మి సిమెంటు చేయిద్దామంది. వాళ్లాయన టైల్సన్నాడు.

"టైల్సు మీద చల్లిన నీళ్లు జారిపోతాయి బావగారూ," అంది సుజాత. "ఇసుక పరిస్తే తేమని పట్టుకుంటుంది. క్లాసులో అదే చెప్పారు."

"నీ క్లాసులో మా ఇంటి చీపురు గురించి చెప్పలేదా?" అంది వరలక్ష్మి. అందరం నవ్వాం. ఇసుకే ఖాయమైంది.

గోడల్లో పడమటి గోడతోనే చిక్కు. మధ్యాహ్నం దాటితే పెనంలా కాలేది. తడి గోనెలు వేలాడదీద్దామన్నారు ఒకరు. బయట తాటాకు దడి చాలన్నారు ఇంకొకరు. థర్మోకోల్ అన్నాను నేను. చేపల పెట్టెలో ఐసు కరగకుండా కాపాడేది ఈ గోడ ఎండని ఆపలేదా? లోపలివైపు థర్మోకోల్ పలకలు, వాటిమీద పాలిథిన్ పట్టా, పైన రేకుల మీద తాటాకు. నా మాటే నెగ్గింది. వరలక్ష్మి పలకని వేళ్లతో తట్టి చూసి, "దీని వెనకాల ఏం జరుగుతుందో మనకి కనపడదు కదా అన్నయ్యగారూ," అంది.

ఆవిడ అనుమానించింది గోడనే. నన్ను అనుమానించి ఉంటే ఎంత బాగుండేది.

ఇక గుంట పూడ్చి నేలంతా పరవడానికి ఇసుక కావాలి. అవి ఇసుక దొరకని రోజులు. కట్టుబడులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నా నోరు ఆగుతుందా? "రేపు పొద్దున్నకల్లా కృష్ణ ఒడ్డు ఇసుక, మన కృష్ణా జిల్లా శ్రీకాకుళం రేవుది, మీ గుమ్మంలో ఉంటుంది. చీమలు పట్టేంత తియ్యటి ఇసుక," అన్నాను. తోడికోడళ్లిద్దరూ నవ్వారు. నవ్వి, నమ్మారు. ఊళ్లోవాళ్లు నవ్వి ఊరుకుంటారు, వీళ్లు నమ్మారు. ఆ తేడా నాకు ఎంత మత్తెక్కించిందో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

మర్నాడు పొద్దున ట్రాక్టరు వచ్చింది. అందులో ఉన్నది రేవు ఇసుక కాదు. హంసలదీవి వైపు నుంచి ఎత్తుకొచ్చిన సముద్రపు ఇసుక. ఇసుక దింపించుకునే ముందు చిటికెడు నాలుక మీద వేసుకోవడం మా వైపు అలవాటు. ఉప్పగా ఉంటే వెనక్కి తిప్పేస్తారు. ఇంట్లో పోస్తే ఆ ఉప్పు తేమతో పాటు గోడలెక్కుతుంది, సున్నం రాలగొడుతుంది, ఎన్ని చేసినా వదలదు. ఆ చిటికెడు రుచి చూడాల్సింది నేను. నోట్లో కిళ్లీ ఉంది. వక్కా సున్నమూ నములుతున్న నోటికి ఇసుక రుచేం తెలుస్తుంది? చేత్తో పిండి చూసి, దింపెయ్యమన్నాను. తెలియక చేశాను. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

మొదటి కాపు బ్రహ్మాండంగా వచ్చింది. మగ్గం దూలాలకి తాళ్లు కట్టి సంచులు వేలాడదీశారు, కింది వరస ఇసుక మీద ఆన్చారు. సంచుల కన్నాల్లోంచి గుత్తులు గుత్తులుగా తెల్లటి గొడుగులు. వరలక్ష్మి బుట్ట పట్టుకుని బందరు బస్సెక్కి హోటళ్లకి తనే ఇచ్చి వచ్చేది. బస్సులో ఎవరైనా బుట్టలో ఏంటని అడిగితే మూత తీసి చూపించేదట.

తర్వాతి కాపులో కింది వరస సంచులు మొలవలేదు. గది శుభ్రం చేద్దామని అన్నీ బయటపెట్టి, తలుపులు బార్లా తీసి ఆరబెట్టారు. ఆరేకొద్దీ గోడ అడుగున తెల్లగా ఏదో పొంగింది. థర్మోకోల్ నా సలహా గనక నన్ను పిలిపించారు. నా ఎదురుగానే పలక ఊడదీశారు. వెనక గోడంతా తెల్లటి నూగు. దూదిలా ఉంది. వేలు తగిలితే రాలుతోంది.

"బూజు," అంది వరలక్ష్మి.

"బూజైతే వాసన రావాలక్కా. వాసన లేదుగా."

"గడ్డి సరిగ్గా ఉడికిందా?"

"నీ ఎదురుగానేగా ఉడకబెట్టింది!"

"ఉడకబెట్టింది నా ఎదురుగానే. మీవాళ్లు వామిలోంచి తీసింది నా ఎదురుగానా? తడిసిన గడ్డేమో."

"మా నాన్న నాకు కుళ్లిన గడ్డి పంపిస్తాడా?" సుజాత గొంతు మారింది.

అంతలో నేను గోరుతో గోడ గీకి, వాళ్లు చూడకుండా నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు. అప్పుడు తెలిసింది నాకు.

"ఏంటన్నయ్యగారూ ఇది?" అంది వరలక్ష్మి. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.

ఒక్క మాట చాలు. ఉప్పు. ఆ ఇసుక ఎత్తి బయటపోసి, గోడ గీకి కడిగించుకుంటే ఆ గది మళ్లీ బతికేది. కానీ ఉప్పు అంటే తర్వాతి ప్రశ్న ఎక్కణ్ణించి వచ్చిందని. చీమలు పట్టే ఇసుక సంగతేమిటని. ఆ ఇద్దరి కళ్లలో కూడా నేను ఒట్టి కోతల బావనైపోతాను. ఇంత చిన్న భయానికి మనిషి అంత పని చేస్తాడా? చేశాను. నాకు తెలిసిన విద్య ఒకటే, నవ్వించడం.

"గుడివాడ గడ్డి అంటే మాటలా చెల్లెమ్మా! మొన్నామధ్య అటెళ్లినప్పుడు చూశాను. ఒక గేదె వామికి వీపు ఆన్చి నిలబడింది. సాయంత్రానికి వీపంతా తెల్ల శాలువా కప్పినట్టు బూజు! పాలు పితికితే పుట్టగొడుగుల కూర వాసనట."

సుజాత కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది. "మీరూ మీ కోతలూ అన్నయ్యగారూ."

వరలక్ష్మి నవ్వలేదు. "ఏ వామి?" అంది.

అప్పటికైనా గేదె లేదు, వామీ లేదు అని ఉండొచ్చు. నా నోటికి తోక ముడవడం రాదు. "ఏ వామంటే... వీళ్ల ఊళ్లోదే," అన్నాను.

నేను చెప్పిన వాటిలో నిలబడిపోయిన అబద్ధం అదొక్కటే. మొసలిని ఎవరూ నమ్మలేదు, చేపని నమ్మలేదు. వేళాకోళానికి పుట్టించిన ఆ గేదె మాత్రం ఆ ఇంట్లో కాపురం పెట్టేసింది. వరలక్ష్మి గోడలకి బ్లీచింగ్ పౌడరు కొట్టింది, తర్వాత ఫార్మలిన్ కొట్టింది. ఆ ఘాటుకి పై వరస సంచులూ మాడిపోయాయి. గది ఆరినప్పుడల్లా నూగు మళ్లీ పుట్టుకొచ్చేది. కడిగినా వస్తోందంటే ఎవరో తెస్తున్నారన్నమాటే, అనుకుంది. సుజాత తెచ్చిన ప్రతి గడ్డిమోపునీ విప్పి వాసన చూసేది. గదికి తాళం వేసి చెవి బొడ్లో దోపుకుంది. సుజాత తక్కువ తిందా? నాకు వాటా రాకూడదనే అక్క కావాలని మందులు కొట్టి పాడుచేస్తోంది అని మా ఆవిడతో అంది. మా ఆవిడ నాతో చెప్పింది. నేను అన్నం తింటున్నాను. తినడం ఆపలేదు.

తర్వాత అన్నదమ్ములు విడిపోయారు. పెరడు మధ్యలో గోడ కట్టుకున్నారు. దానికి ఇసుక కుదిర్చింది ఎవరనుకున్నారు? నేనే. ఈసారి చిటికెడు నాలుక మీద వేసుకుని, నిదానంగా చప్పరించి, అసలు సిసలు కృష్ణ ఇసుకని నిర్ధారించుకుని మరీ దింపించాను. ఇప్పటికీ ఆ గోడ చెక్కుచెదరలేదు. ఎక్కడా ఉప్పు మరక లేదు. ఇద్దరు ఆడవాళ్లూ మళ్లీ అచ్చుల పనికి వెళ్తున్నారు, వేరు వేరు షెడ్లకి. పెళ్లిళ్లలో ఒకరు కూర్చున్న బంతిలో ఇంకొకరు కూర్చోరు. పుట్టగొడుగుల గదిలో విరిగిన కుర్చీలు పడేశారు.

ఈమధ్య వరలక్ష్మి వాళ్ల ఇంటికి వెళ్లాను. మజ్జిగ ఇచ్చింది. ఒక గుక్క తాగి తల ఎత్తాను.

"ఉప్పు వెయ్యలేదన్నయ్యగారూ," అంది. "కావాలంటే చెప్పండి."

అంతే. మామూలు మాట. కానీ ఆ చూపు మామూలుదేనా? నాకు ఎప్పుడూ ఉప్పు వేసే ఇచ్చేది కదా? ఆవిడ ఎప్పుడైనా ఆ గోడ గీకి నాలుక మీద వేసుకుందా? తెలిస్తే నన్ను గుమ్మం ఎక్కనిస్తుందా? ఏమో, తెలిసే ఊరుకుందేమో. తెలిసిందని ఒప్పుకుంటే గోడ అవతలికి వెళ్లి, నీ గడ్డిలో ఏ దోషమూ లేదు సుజాతా, అని చెప్పాలి. మీవాళ్ల గడ్డి కుళ్లిందన్న నోటితో ఆ మాట అనడం నాకంటే ఆవిడకే కష్టమేమో. లేక ఇదంతా నా అనుమానమేనా? మజ్జిగ మజ్జిగేనా? ఆ రోజు నుంచి ఎవరింట్లో ఏం పెట్టినా ముందు ఉప్పు చూసుకుంటున్నాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. మీ చేతిలో లేదది. చేతిలో ఉన్నవాళ్లని అడిగే ధైర్యం నాకింకా రాలేదు. అసలు మీ దగ్గర కూడా ఆ ధైర్యం చాల్లేదు. మొదట్లో ఒట్టేశాను కదా, ప్రతి మాటా నిజమని. ఒక్క విషయంలో తప్పాను.

గేదె కాదు. కిళ్లీ.

నాకు కిళ్లీ అలవాటు లేదు. బుద్ధెరిగాక ఒక్కటి కూడా వేసుకోలేదు. నా పళ్లు చూసినవాళ్లెవరైనా చెబుతారు. నేను గోడ గీకి రుచి చూసిందీ లేదు, చూడాల్సిన అవసరం నాకేముంది? ఆ పొద్దున ట్రాక్టరు దగ్గర నా నోరు ఖాళీగానే ఉంది. అందరిలాగే చిటికెడు ఇసుక తీసి నాలుక మీద వేసుకున్నాను. తోడికోడళ్లిద్దరూ కొత్త చీపుర్లు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"తియ్యగా ఉందా అన్నయ్యగారూ?" అని వరలక్ష్మి నవ్వుతూ అడిగింది.

"చీమలు జాగ్రత్త చెల్లెమ్మా," అన్నాను.

ఉమ్మితే తెలిసిపోతుందని మింగేశాను. ఇదిగో, ఇప్పుడు ఉమ్మాను.