కనుక్కుని చెప్పే వదిన

ఇప్పుడు మా ఇంట్లో పొద్దుటి టీ చప్పున అయిపోతోంది. నాలుగు నెలల కిందటి దాకా అలా ఉండేది కాదు. కప్పు చేతికిచ్చి, "వదినా, చక్కెర సరిపోయిందా?" అని అడిగేదాన్ని. ఆవిడ ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, ఇంకో గుక్క తాగి, "ఉండు అమ్మాయ్, కనుక్కుని చెప్తా" అనేది. కప్పు ఖాళీ అయ్యేది. ఆవిడ పనికి వెళ్ళిపోయేది. సాయంత్రం నేను గిన్నెలు తోముకుంటుంటే వెనకనుంచి వచ్చి, "పొద్దుటి టీలో అర చెంచా తక్కువైంది" అని తీర్పు చెప్పేది. ఇరవై మూడేళ్ళు ఆ తీర్పులు విన్నాను. ఇప్పుడు చక్కెర ఎంత వేస్తున్నానో నాకే తెలియడం లేదు.

మా ఆయన అక్కగారికి ఉన్నది అదొక్కటే జబ్బు. ఏది అడిగినా అక్కడికక్కడ జవాబు చెప్పదు. "నీ పేరేంటి అన్నా కనుక్కుని చెప్తానంటావేమో అక్కా!" అని మా ఆయన ఎగతాళి చేసేవారు. ఆవిడ కోపం తెచ్చుకునేది కాదు. కోపం వచ్చిందో లేదో కూడా కనుక్కోవాలి కదా.

ఒకనాడు ఆయన గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "అక్కా, మబ్బు పట్టింది, గొడుగు తీసుకెళ్ళనా?" అని అడిగారు. "కనుక్కుని చెప్తా" అని వదిన మేడ ఎక్కింది. గాలి ఎటునుంచి వీస్తోందో చూసింది. పక్కింటి రేడియోలో వార్తలు అయ్యేదాకా పిట్టగోడ పట్టుకుని నిలబడింది. దిగొచ్చేసరికి తమ్ముడు లేడు. మధ్యాహ్నం మూడింటికి ఆఫీసుకు ఫోను చేసి, "ఒరేయ్, తీసుకెళ్ళాల్సిందిరా" అని చెప్పింది. అవతల ఆయన చొక్కా పిండుకుంటున్నారు.

ఇంకోసారి ఎవరో నంబరు తప్పు కొట్టి, "మెకానిక్కు ఉన్నాడా అండీ?" అని అడిగారు. లేడని పెట్టేస్తే పోయేదానికి, "కనుక్కుని చెప్తా" అంది. మూడు రోజులు నాలుగు వీధులు తిరిగి, మంచి మెకానిక్కును పట్టుకుని, ఆ మనిషికి ఫోను చేసింది. అప్పటికి ఆయన బండి అమ్మేశాడు.

మా పెళ్ళి మాటల నాడూ ఇంతే. ఇరువైపుల పెద్దలూ కూర్చుని, "పిల్ల నచ్చిందా?" అని ఈవిడ్ని అడిగారు. తల్లి లేని ఇంట్లో ఈవిడే పెద్ద దిక్కు. "కనుక్కుని చెప్తా" అని లేచి వెళ్ళిపోయింది. మా నాన్న ముఖం మాడిపోయింది. మర్నాడు మా పుట్టింటి పెరటి వైపు నుంచి వచ్చి, బట్టలారేస్తున్న నా పక్కన నిలబడి, "అమ్మాయ్, మావాడు గురక పెడతాడు. కూరలో ఉప్పు తక్కువైతే ముఖం ముడుస్తాడు. మనసు మంచిదే. నీకు ఇష్టమేనా?" అంది. అంతవరకు ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేను తలదించుకుని నవ్వితే, "నవ్వితే కుదరదు, నోటితో చెప్పు" అంది.

ఆవిడ ఉద్యోగం కూడా ఈ జబ్బుకు అతికినట్టు కుదిరింది. మా వీధులకు రెండు మైళ్ళ అవతల అణువిద్యుత్తు తయారుచేసే ప్లాంటు ఉంది. దాని చుట్టుపక్కల బావుల నీళ్ళు, పంపుల నీళ్ళు సీసాలకు పట్టి ప్లాంటు ల్యాబుకు చేర్చడం వదిన పని. ముప్ఫై ఏళ్ళు అదే పని చేసింది.

ఆరు నెలల కిందట, ప్లాంటులో భూమిలో పాతిన గొట్టం ఒకటి పగిలి ట్రిటియం అనే అణుధార్మిక పదార్థం కలిసిన నీళ్ళు నేలలోకి ఇంకాయని పేపర్లో వచ్చింది. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కాచినా పోదు, వడకట్టినా పోదు. కంటికి కనపడే దయ్యమైతే కర్రుచ్చుకుని తరమొచ్చు. ఇది నీళ్ళలో నీళ్ళై కూర్చుంటుంది. జనానికి కంటిమీద కునుకు లేకుండా పోయింది.

ప్లాంటు వాళ్ళు బడి హాల్లో మీటింగు పెట్టారు. ఒక ఆఫీసరు లేచి, "ఏమీ కాదు, నిశ్చింతగా ఉండండి" అన్నాడు. వెనకనుంచి ఎవరో, "మా వీధి పెద్దమ్మ ఉందిగా, ఆవిడ్ని చెప్పమనండి!" అని అరిచారు. వదిన నిలబడింది.

"ఏ వీధి, ఏ బావి? చీటీ మీద రాసివ్వండి. కనుక్కుని చెప్తా."

"ఏమీ కాదని నేను చెప్తున్నానుగా అమ్మా!" అన్నాడు ఆఫీసరు.

"తెలిసినవి మీరు చెప్పండి సార్. తెలియనివి నేను కనుక్కుంటా."

హాలంతా గొల్లున నవ్వింది. మర్నాడు ఆఫీసరు పిలిపించాడు. సాయంత్రం ఇంటికి రాగానే, "తిట్టారా వదినా?" అని అడిగాను. "గట్టిగానే మాట్లాడాడు. తిట్టో కాదో కనుక్కోవాలి" అంది.

మా వీధి చివర కుట్టుపని చేసే అమ్మాయి ఉంది. మొగుడు లారీ మీద వెళితే పది రోజులకు గానీ రాడు. ఆ అమ్మాయికి అప్పుడు ఆరో నెల. ఒక మధ్యాహ్నం వచ్చి, వదిన ముందు నిలబడింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"పెద్దమ్మా, ఇన్నాళ్ళూ మా బావి నీళ్ళే తాగాను. బిడ్డకేమన్నా అవుతుందా?"

వదిన ఆ అమ్మాయి కడుపు మీద పెట్టుకున్న చేతిని చూసింది. "కనుక్కుని చెప్తా" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల వెళ్ళాక, "ఏమీ కాదు అని ఒక్క మాట అంటే మీ నోటి ముత్యాలు రాలిపోతాయా వదినా?" అన్నాను. ఆవిడ అప్పటికే సీసా సంచి భుజానికి తగిలించుకుంటోంది.

ఊరంతా పరీక్షలు చేయమని ఎగబడటంతో ల్యాబులో సీసాలు గుట్టలు పడ్డాయి. వారాలు పడుతుందన్నారు. సీసా ఇచ్చిన పంతొమ్మిదో రోజున వదిన భోంచేసి నడుం వాల్చింది. నేను టీ పట్టుకెళ్ళి లేపితే లేవలేదు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు.

ఆ తర్వాత నెలన్నరకు కుట్టుపని అమ్మాయి మా ఇంటికి వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఏంటమ్మాయ్?"

"ఏం లేదు పిన్నీ. ఊరికే."

ముఖం పీక్కుపోయింది. ఎనిమిదో నెల నడుస్తోంది. చావు జరిగిన ఇల్లు, ఎలా అడుగుతుంది? మిషను మీద కూర్చుని అరగంట కుట్టి, గంట గోడకేసి చూస్తోందని వాళ్ళ పక్కింటావిడ చెప్పింది. మర్నాడు నేను ప్లాంటుకు వెళ్ళాను.

ల్యాబు కిటికీ వెనక కళ్ళజోడాయన ఏదో రాసుకుంటున్నాడు. "వీధి చివర బావి సంగతి అడుగుదామని వచ్చానండీ" అన్నాను.

"ఏమీ కాదమ్మా, వెళ్ళండి." తల కూడా ఎత్తలేదు.

"మా వదిన ఇచ్చిన సీసా అండీ."

ఆయన కళ్ళజోడు తీశాడు. బయటికొచ్చి స్టూలు వేశాడు. "పెద్దమ్మ వాళ్ళా? రిపోర్టు వచ్చిందమ్మా. పెద్దసారు సంతకం కావాలి. రెండు వారాలు పట్టొచ్చు."

"అయితే కూర్చుంటాను."

"రెండు వారాలా?"

"ఎంతసేపో మీరే కనుక్కుని చెప్పండి."

ఆయన పకపకా నవ్వి, కళ్ళజోడు తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు: "ఈ బావి సంగతి ఆవిడకు మొదటి రోజే తెలుసమ్మా. ఆ గొట్టం నీళ్ళు పారేది అవతలి వైపు. పక్క బావి లెక్కలు ముప్ఫై ఏళ్ళవి ఆవిడకు నోటికొచ్చు. మళ్ళీ ఈ సీసా ఎందుకు పెద్దమ్మా అని నేనే అడిగాను."

"ఏమంది?"

"ఆ పిల్ల కడుపు పట్టుకుని అడిగిందిరా. పక్కింటి బావి లెక్క చెప్తే సరేనంటుంది, ఇంటికెళ్ళి ఏడుస్తుంది. దాని బావిలోంచే జవాబు తోడాలి, అంది. మా ల్యాబులో అందరికీ తెలుసమ్మా. ఆవిడ కనుక్కుని చెప్తా అన్నదంటే, సగంసార్లు జవాబు ఆవిడ దగ్గరే ఉంటుంది. ఎదుటి మనిషి నమ్మేదాకా తిరుగుతుంది, అంతే."

అంటే చక్కెర సంగతి మొదటి గుక్కకే తెలుసన్నమాట! పొద్దున్నే చెప్తే నేను చిన్నబుచ్చుకుంటానని సాయంత్రం దాకా దాచేది. ఇరవై మూడేళ్ళు! ఆ స్టూలు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను.

ఆయనే కాగితం పట్టుకుని లోపలికెళితే గంటలో సంతకం అయింది. కాగితం ఇస్తూ ఆయన, "ఆవిడ దగ్గర మా ఖాళీ సీసాలు పన్నెండు ఉండాలమ్మా. కడిగి పంపించేయండి" అన్నాడు.

కుట్టుపని అమ్మాయి కాగితం మూడుసార్లు చదివింది. ఉండదగిన హద్దు ఇంత, ఈ బావిలో ఉన్నది ఇంత. హద్దులో నూరో వంతు కూడా లేదు. అలాగే బావి గట్టున కూలబడి, "ఇది మా బావేనా పిన్నీ?" అంది. "పైన రాసుందిగా, చూడు" అన్నాను. చూసింది. ఒక చెంబెడు నీళ్ళు తోడి ఇద్దరం తాగాం. మూతి తుడుచుకుని, "మరి వచ్చే నెల?" అంది.

ఏమీ కాదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నీళ్ళతో పాటు మింగేశాను.

మర్నాడే ఆ పన్నెండు సీసాలూ కడిగాను. "ఇచ్చేసి రానా?" అని మా ఆయన అడిగారు. "ఉండనీండి" అన్నాను.

మరుసటి నెలలో ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. బరువు బాగుంది, గొంతు ఇంకా బాగుంది. పిల్లకు పదిహేనో రోజున నేను వాళ్ళ బావి దగ్గరికి వెళ్ళాను. మొదటి బొక్కెన పారబోశాను. సీసాను ఆ నీళ్ళతోనే మూడుసార్లు కడిగి, మూతిదాకా నింపాను. బిడ్డను భుజాన వేసుకుని ఆ అమ్మాయే చీటీ మీద తేదీ రాసింది.

కళ్ళజోడాయన సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. "ఖాళీవి పంపమంటే నిండుది తెచ్చారేంటమ్మా?"

"మిగతా పదకొండూ ఇంకా కడగలేదండీ" అన్నాను.

అవి మా వంటింటి అలమరలో, శుభ్రంగా తుడిచి, వరుసగా బోర్లించి ఉన్నాయి. పంపడం ఒక్కటే మానుకున్నాను.