బానెట్ మీద దండం

1982 జూన్‌లో నన్ను వరంగల్‌కు బదిలీ చేశారు. మా శాఖ వాహనాల వర్క్‌షాపులో పెయింటింగ్ సెక్షన్ చార్జ్‌మన్ పోస్టు. చార్జ్‌మన్ అంటే పనివాళ్ళకు పైన, ఫోర్‌మన్‌కు కింద. పని చేయించేదీ అతనే, పని చెడితే సంజాయిషీ చెప్పుకునేదీ అతనే. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. రంగును పలచన చేసే థిన్నర్ పాళ్ళు, గాలి ఒత్తిడి, తేమ లెక్కలు పనిలో ఉంటూ నాకు నేను నేర్చుకున్నవే.

నేను చేరిన వారానికే వర్క్స్ మేనేజర్‌గారు పిలిచి, మా సెక్షన్ పెయింటర్ కొమురయ్య ట్రేడ్ టెస్టు వచ్చే నెలలో ఉందని, అది అతనికి మూడోదని, ఆఖరిదని చెప్పారు.

ట్రేడ్ టెస్టు గురించి కొంచెం చెప్పాలి. తాత్కాలికంగా పెయింటర్ పని చేస్తున్నవాడిని ఆ గ్రేడులో ఖాయం చెయ్యాలంటే హెడ్డాఫీసు నుంచి ఒక అధికారి వచ్చి పరీక్ష పెడతాడు. రోజూ రోడ్డు మీద తిరిగే కారు ఒకటి తీసుకుని, దాని బానెట్‌ను అభ్యర్థి ఆయన ముందే తయారు చేసి రంగు కొట్టాలి. ఆరిన తర్వాత ట్యూబ్‌లైటు కింద చూస్తారు. బానెట్‌లో ట్యూబ్‌లైటు నీడ దారం లాగినట్టు తిన్నగా కనబడాలి. ఎక్కడా వంకర పోకూడదు, తెగకూడదు. మూడుసార్లు తప్పితే మళ్ళీ హెల్పర్ గ్రేడుకే. అప్పటికి మా దగ్గర హెల్పర్ ఖాళీ ఒక్కటీ లేదు. అంటే కొమురయ్య ఇంటికి పోవలసిందే.

కొమురయ్య నెక్కొండ దగ్గరి ఊరివాడు. సొంత భూమి లేదు, తండ్రి కూలి చేసేవాడు. రోజూ ప్యాసింజర్ రైల్లో వచ్చి పోయేవాడు. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. రంగు చిమ్మే గన్ పట్టుకుంటే చెయ్యి ఒకే ఎత్తున, ఒకే వేగంతో నడిచేది. అలాంటివాడు రెండుసార్లు ఎందుకు తప్పాడో నాకు అర్థం కాలేదు. రెండుసార్లూ ఒకటే లోపమట: రంగులో గుంటలు. ఆవగింజంత గుండ్రటి గుంటలు, అడుగున ప్రైమర్ పూత కనిపించేలా. మొదటిసారి కొన్నే పడ్డాయి, రెండోసారి చాలా పడ్డాయి. పరీక్షాధికారి మొదటిసారే "చేతిలో దోషం ఉంది" అని చెప్పి వెళ్ళారట.

పరీక్షకు కేటాయించిన కారు నల్ల అంబాసిడర్. ఏటూరునాగారం అడవి దారుల్లో ఫైళ్ళనూ అధికారులనూ మోసే బండి. మా డెంటర్ సత్తయ్య, అంటే సొట్టలు తీసే పనివాడు, దాన్ని చూసినప్పుడల్లా నవ్వేవాడు.

"ఏం బావా, గీ బండికి అద్దం లెక్క రంగు గావాల్నా? రేప్పొద్దుగాల ఏటూరునాగారం పోతే ఎర్రమన్ను గొట్టుకొని ఇటిక లెక్కైతది."

"నాకు గావాలె బావా," అన్నాడు కొమురయ్య.

పరీక్ష సోమవారం. శుక్రవారం నాడు అదే బానెట్ మీద సాధన చేయించాను. ఆ రోజుల్లో మేం వాడింది నైట్రోసెల్యులోజ్ రంగు. థిన్నర్ కలిపి కొడితే నిమిషాల్లో ఆరుతుంది. తొందరగా ఆరే రంగులో తప్పు కూడా తొందరగా గట్టిపడుతుంది, సర్దుకునే వ్యవధి ఉండదు. కొమురయ్య వాటర్ పేపర్ అనే గరుకు కాగితంతో రుద్ది, కడిగి, ఆరబెట్టి, థిన్నర్ గుడ్డతో తుడిచి మొదటి పూత కొట్టాడు. నేను వంగి చూశాను. గుంటలు.

ముందుగా అనుమానించేది గన్‌కు గాలి తోసే కంప్రెసర్‌నే. గొట్టంలో నూనె గానీ నీళ్ళు గానీ చేరితే ఇలాగే అవుతుంది. గన్‌లోంచి ఒట్టి గాలిని అద్దం ముక్క మీద కొట్టించి చూశాను. అద్దం శుభ్రంగా ఉంది. థిన్నర్ మార్చాను, రంగు డబ్బా మార్చాను. గుంటలు మళ్ళీ పడ్డాయి.

శనివారం పొద్దున బానెట్ మధ్యలో నిలువునా కాగితపు టేపు అంటించాను. ఒక సగం అతను తుడిచి కొట్టాలి, ఇంకో సగం నేను. గన్ ఒకటే, రంగు ఒకటే, గాలి ఒకటే. నా సగం శుభ్రంగా వచ్చింది. అతని సగంలో గుంటలు.

మేనేజర్‌గారు వచ్చి చూశారు. "మీ చెయ్యి బాగుంది, అతని చెయ్యి బాగాలేదు. ఇంకేం రుజువు కావాలండీ?" అని వెళ్ళిపోయారు. కొమురయ్య తన రెండు అరచేతులూ చూసుకుంటూ నిలబడ్డాడు.

నేను మాత్రం లెక్క మరోలా వేశాను. పెయింటర్ చేతి పనితనం తక్కువైతే వచ్చే లోపాలు వేరు. గన్ దగ్గరగా పెడితే రంగు కారుతుంది. దూరంగా పెడితే పొడిపొడిగా గరుకు తేలుతుంది. చెయ్యి వేగం తప్పితే నారింజ తొక్కలా వస్తుంది. వీటిలో ఒక్కటీ అతని సగంలో లేదు. గుంట పడాలంటే రేకు మీద జిడ్డు ఉండాలి. జిడ్డు ఉన్నచోట రంగు నిలవక చుట్టూ జరిగిపోతుంది. కాబట్టి గన్ పట్టిన చేతిలో తప్పు లేదు. గన్ పట్టకముందు అతను చేసేది, నేను చెయ్యనిది ఏదో ఉంది.

మూలన పడి ఉన్న పాత మడ్‌గార్డ్ తెప్పించి, మొదటి నుంచి చివరిదాకా పని చేసి చూపమన్నాను. ఈసారి రంగును కాదు, మనిషిని చూశాను. థిన్నర్‌తో తుడిచాడు. గుడ్డ పక్కన పెట్టాడు. రెండు అరచేతులూ రేకుకు ఆనించి కళ్ళకూ నుదుటికీ అద్దుకున్నాడు. అలా మూడుసార్లు. ఆ తర్వాత గన్ తీశాడు.

ఆ దండం రోజూ నా కళ్ళ ముందే పెట్టేవాడు. మా దగ్గర పనిముట్టుకు మొక్కనివాడు లేడు కాబట్టి అది పనిలో ఒక అడుగని నాకెప్పుడూ తోచలేదు. ఆపి అడిగాను. చేతులు కడుక్కున్నావా అంటే, సబ్బు పెట్టి కడిగానన్నాడు. నిజమే, మొదటిసారి రేకును తాకినప్పుడు చేతులు శుభ్రమే. నుదుటి దాకా పోయి వచ్చిన చేతులు శుభ్రం కావు. అతను పొద్దున్నే తలకు పట్టించే కొబ్బరినూనె చెమటతో కలిసి నుదుటి మీదికి దిగేది. రెండోసారీ మూడోసారీ రేకును తాకినప్పుడు ఆ జిడ్డు అక్కడ చేరేది.

"ఎప్పటి నుంచి ఇట్ల రెండు చేతులతోని మొక్కుతున్నవ్?" అని అడిగాను.

"ముందుగాల ఒక్క చెయ్యే సార్. ఒక్కపారే. మొదటి పరీక్షల ఆ సార్ నీ చేతుల దోషమున్నదన్నడు గదా. ఇంట్ల జెప్తే మా ఆమె, చేతికి దోషముంటే గట్టిగ మొక్కుకొని మొదలువెట్టుమన్నది."

పరీక్షాధికారి చెప్పింది పనితనం గురించి. వీళ్ళ ఇంట్లో అది చేతి గుణం అయింది. అందుకే రెండోసారి గుంటలు పెరిగాయి. భయం పెరిగినకొద్దీ దండం పెరిగింది, దండం పెరిగినకొద్దీ జిడ్డు పెరిగింది. నమ్మకం కుదరడానికి మడ్‌గార్డ్‌ను మళ్ళీ తుడిపించి, ఒక కొసన మాత్రమే దండం పెట్టమని, మొత్తం రంగు కొట్టించాను. ఆ కొసనే గుంటలు పడ్డాయి.

కొమురయ్య ముఖం మాడిపోయింది. "అంటే నా దండమే నన్ను కొడ్తాందంటరా సార్?"

దండం మానెయ్యమని నేను అనలేదు. ముందు దండం పెట్టుకో, తర్వాత థిన్నర్‌తో తుడువు, ఆ పైన రేకును తాకకు, అంతే అన్నాను. అతను ఒప్పుకోలేదు.

"వెట్టిన దండాన్ని తుడిసేసినట్టు గాదా సార్?"

సత్తయ్య అత్తగారిది కొత్తవాడ, జంపఖానాలు నేసే ఇల్లు. అతను అందుకున్నాడు. "ఏంది బావా, మా మామోళ్ళ జంపఖానా రంగు ఎన్ని నీళ్ళల్ల పిండినా పోదు. నీ దండం గంత కచ్చా రంగా, గుడ్డతోని తుడిస్తే పోనీకి?"

కొమురయ్య నవ్వలేదు. మా ఇంట్ల అడగాలె సార్ అని, రైలు టైమైందని వెళ్ళిపోయాడు. ఆదివారమంతా అతను ఏం నిర్ణయించుకుంటాడో తెలియకుండానే గడిచింది.

సోమవారం పొద్దున సన్నగా జల్లు పడుతోంది. గాలిలో తేమ ఎక్కువైతే ఈ రంగు ఆరేటప్పుడు బూడిద పూసినట్టు తెల్లబడుతుంది. నా దగ్గర రెండు థర్మామీటర్లు ఉండేవి. ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి, రెండింటి తేడా చూసేవాణ్ణి. తేడా ఎంత తక్కువైతే తేమ అంత ఎక్కువ. తేడా నాలుగు డిగ్రీలు లేకపోతే పని మొదలుపెట్టించేవాణ్ణి కాదు. ఆ పొద్దున రెండు డిగ్రీలే చూపిస్తోంది. పరీక్షాధికారికి మధ్యాహ్నం రైలుంది. ఆయన గడియారం చూసుకుంటున్నారు, నేను థర్మామీటర్లు చూసుకుంటున్నాను. చివరికి జల్లు ఆగింది, ఎండ తేలింది, తేడా నాలుగుకు వచ్చింది. పరీక్షాధికారి మొదలుపెట్టమన్నారు.

అప్పుడు చూశాను కొమురయ్య తల. గడ్డిపరకల్లా పొడిగా లేచి ఉంది. నూనె పెట్టలేదు. ఇంట్లో వాళ్ళు వేసిన లెక్క తెలిసిపోయింది: దండం ఉన్నచోటే ఉంచి నూనె మానేశారు. కానీ ముఖానికి సహజంగా ఉండే జిడ్డు, చెమట కూడా రంగును చెడగొట్టడానికి చాలు. ఆ మాట చెప్పే వీలు లేదు. పరీక్ష మొదలైతే అభ్యర్థితో అతని పై ఉద్యోగి మాట్లాడకూడదు. మాట్లాడితే అభ్యర్థి తప్పినట్టే.

కొమురయ్య రుద్దాడు, కడిగాడు, ఆరబెట్టాడు. థిన్నర్‌తో తుడిచాడు. గుడ్డ పక్కన పెట్టి రెండు అరచేతులూ బానెట్‌కు ఆనించాడు. కళ్ళకద్దుకున్నాడు. మూడుసార్లూ. పక్క షెడ్డులో సత్తయ్య సుత్తి చప్పుడు ఆగిపోయింది. నేను మేనేజర్‌గారి వైపు చూడలేకపోయాను.

అతను గన్ తియ్యలేదు. కొత్త గుడ్డ తీసి థిన్నర్‌తో తడిపాడు. బానెట్‌ను మళ్ళీ ఈ కొస నుంచి ఆ కొసకు, తొందర లేకుండా తుడిచాడు. పరీక్షాధికారి "ఒకసారి తుడిచావు కదా?" అన్నారు. కొమురయ్య "అవును సార్" అని మాత్రం అన్నాడు. ఒకసారే తుడవాలన్న నియమం ఎక్కడా లేదు. కొమురయ్య గన్ తీసి, చేతులు మళ్ళీ రేకుకు తగలకుండా, మొదటి పూత కొట్టాడు.

నేను వంగి చూడకూడదు, నా చోటు దాటకూడదు. పూతకూ పూతకూ మధ్య పరీక్షాధికారి వంగినప్పుడల్లా ఆయన ముఖమే చూశాను. చివరి పూత ఆరాక ట్యూబ్‌లైటు వేశారు. ఆయన ఒక పక్క నుంచి చూసి, రెండో పక్కకు నడిచి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. అంచు దగ్గర ఒక చిన్న దుమ్ము గింజ చూపించారు. గుంట ఒక్కటీ లేదన్నారు. పాసని మేనేజర్‌గారితో చెప్పి రైలుకు వెళ్ళిపోయారు.

కారు తీసుకుపోవడానికి డ్రైవర్ వస్తే, కొమురయ్య ఇవ్వనన్నాడు. దుమ్ము గింజ ఉండగా కారు బయటకు పోదన్నాడు. మర్నాడు దాన్ని రుద్ది, ఆ ఒక్క చోట మళ్ళీ రంగు కొట్టి, పాలిష్ పట్టాకే వదిలాడు.

నేను చెప్పినట్టు ముందు దండం, తర్వాత తుడవడం ఎందుకు కాదన్నావని తర్వాత అడిగాను. "మురికి మీద ఎట్ల మొక్కుత సార్? మొదలు సాపు జెయ్యాలె, మొక్కాలె. మొక్కినంక తుడిస్తే దండం పోదని మా ఆమె అన్నది. గా తుడుసుడు మీ రంగు కోసం" అన్నాడు. నేను వేసిన వరసలో తప్పు అప్పుడు తెలిసింది. దండానికి ముందు ఏం కావాలో నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఆ నెల నుంచి మా సెక్షన్‌లో థిన్నర్ తుడుపు రెండుసార్లు చేశాం. రెండింటి మధ్య పెయింటర్‌కు తన పద్ధతిలో ఏం చేసుకోవాలంటే అది చేసుకునే వ్యవధి ఇచ్చాం. ఒక్కో కారుకు కాస్త థిన్నర్ ఎక్కువ పట్టేది. మేనేజర్‌గారు అడిగితే కారణం చెప్పాను, ఒప్పుకున్నారు. నేను ఉన్నన్నాళ్ళూ ఆ రకం గుంటలతో వెనక్కు వచ్చిన కారు లేదు. ఈ సంగతి నాకు నేర్పింది ఒకటే. పని వరస రాసేటప్పుడు పనివాడు ఎట్టి పరిస్థితిలోనూ వదలని పని ఏదో కనుక్కుని, దానికీ వరసలో చోటు పెట్టాలి. పెట్టకపోయినా అతను అది చేస్తాడు, మనం లెక్క వెయ్యని చోట చేస్తాడు.