రన్‌వే పక్కన గరిక కోత

ఒక పెద్ద సారు విమానంలో వచ్చి, దిగే జాగా లేక నందికొండ మీద గుండ్రంగా తిరిగాడంటే మీరు నమ్మరు. జాగా లేకుండా చేసింది నేనేనంటే మాత్రం మా ఇంట్లోవాళ్లు వెంటనే నమ్ముతారు. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెప్తాను, నవ్వుకోండి.

అవి డ్యాం కడుతున్న రోజులు. అధికారులు వచ్చిపోవడానికి ఊరవతల మొరం పరిచిన రన్‌వే ఉండేది. పెద్ద విమానాలు దిగాలని దాన్ని పొడిగించారు. పొడిగించిన జాగా కాగితాల్లో సర్కారుది, వాడుకలో గొర్రెల కాపరి లింగవ్వ మందది. ఆమె మేత బీడు అలా పోయింది. అంతటితో ఆగితేనా! విమానం కదిలినప్పుడల్లా ఎర్రదుమ్ము లేచి పక్క పల్లె జొన్నచేల మీద, వంటకుండల మీద పడేది. వానొస్తే వదులు మన్నంతా కొట్టుకొచ్చి, గొర్రెలు నీళ్లు తాగే కుంటలో చేరేది. పల్లెవాళ్లు మొరపెట్టుకుంటే, పెద్ద సారు స్వయంగా వచ్చి చూస్తానన్నాడు.

"ఆయన వచ్చేసరికి రెండు పక్కలా గడ్డి పట్టాలి. దుమ్ము లేచిందో, నీ ఉద్యోగం ఊడినట్టే," అన్నారు మా ఇంజనీరు గారు. ఆయనది కోస్తా. కోపం మాత్రం అన్ని జిల్లాలదీ.

నేను టెంపరరీ సూపర్‌వైజర్ని. కొత్తకోట దగ్గరి రైతు కుటుంబంలో నెలజీతం తెచ్చిన మొదటివాణ్ణి. మా బాపు ఆ సంగతి ఎడ్లకు కూడా చెప్పుకొనేవాడు. అలాంటి కొలువు ఊడితే ఏ మొహంతో ఇంటికి పోవాలి?

గరిక నాటించాను. మొరంలో అది నాలుగురోజులకే ఎండిపోయింది. అప్పుడు బాపు చేసే పని గుర్తొచ్చింది. ఎండాకాలంలో రైతులు గొర్రెల మందను రాత్రిళ్లు చేనులో పడుకోబెడతారు. చేనుకు ఎరువు, కాపరికి రైతు ఇంటి తిండి. ఇంతటి తెలివి నాకే తట్టిందని మురిసిపోతూ లింగవ్వ దగ్గరికి పోయాను.

"అవ్వా, రన్‌వే పక్కన మంద పెడతవా?"

"మా బీడు గుంజుకున్నరు, ఇగ మా ఎరువు గూడ గావాల్నా?"

"దుమ్ము ఆగుతదవ్వా. మీ కుంట బాగైతది. బువ్వ నేను తెస్త."

"కూర గూడ తేవాలె. ఉత్త శారు తెస్తే మంద లేదు."

ఆ ఎండాకాలమంతా సాయంత్రం కాగానే లింగవ్వకు బువ్వా కూరా మోశాను. గంట కట్టిన పొట్టేలు ఒకటుండేది, దాని కోసం జేబులో గుప్పెడు జొన్నలు. అది నా మొహం చూసేది కాదు, నేరుగా జేబులో మూతి పెట్టేది.

వానలు పడ్డాయి. గరిక మోకాలెత్తు లేచింది. దుమ్ము ఆగింది, కుంటలో నీళ్లు తేటపడ్డాయి. బుద్ధిమంతుడైతే అక్కడితో చేతులు కడుక్కునేవాడు. నేనో, పెద్ద సారు కంటికి గడ్డి పెళ్లికొడుకు తలలాగా కనిపించాలని, ముందురోజు కూలీలతో కొడవళ్లు పట్టించి నున్నగా కోయించాను. ఇంజనీరు గారు భుజం తట్టారు.

మరునాడు విమానం చప్పుడు వినిపించింది. తల ఎత్తి చూశాను. తల దించి చూస్తే కోసిన గరిక మీదా, మధ్యలో రన్‌వే మీదా గొర్రెలే!

"అవ్వా! ఇమానం వస్తాంది! మందను అవుతలికి తోలు!"

"నిన్న కోత కోసినవు గద బిడ్డా," అంది లింగవ్వ నింపాదిగా. "మంద పెట్టిన చేన్ల కోత గాంగనే మొదటి మేత మందదే. మీ బాపు చెప్పలేదా?"

చెప్పడమేమిటి, పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. కాకపోతే రన్‌వే కూడా చేనేనని నాకు తట్టలేదు.

"నా కొలువు పోతదవ్వా!"

నా ఏడుపు మొహం చూసి ఆమె కర్ర పట్టుకుని లేచింది. అదిలించింది, అరిచింది. మేతలో మూతి పెట్టిన గొర్రెలు కదిలితేనా!

"ఇయి నా మాట గూడ ఇంటలెవ్వు. నువ్వు ఉరుకు బిడ్డా! పొట్టేలు నీ జేబు ఎంట వస్తది, మిగిలినయి దాని ఎంట వస్తయి."

ఉరికాను. చెప్పులు ఒకచోట, టోపీ ఒకచోట. వెనక పొట్టేలు, దాని వెనక మందంతా. నెత్తి మీద విమానం. పైనుంచి చూసినవాళ్లకు నేను దొంగ, గొర్రెలు పోలీసులు.

రన్‌వే చివరిదాకా ఉరికి పక్కకు తిరిగి కూలబడ్డాక విమానం దిగింది. చిటికెడు దుమ్ము లేవలేదు. అది చూసే తీరిక ఎవరికుంది? ఇంజనీరు గారు పళ్లు నూరుతూ వచ్చారు, వెనకే పెద్ద సారు.

"ముందు పరుగెత్తిన మనిషెవరు?" అన్నాడు పెద్ద సారు.

"మా సూపర్‌వైజరండీ. ఇవాళే తీసేస్తున్నాను."

పొట్టేలు తల నా జేబులోనే ఉంది. లింగవ్వ మా మధ్యకు వచ్చి నిలబడింది.

"గీ పోరడు మంచోడే సారూ. జర తెలివి తక్కువ గని, మాట తప్పలె. రోజూ బువ్వ తెచ్చిండు. గీ గడ్డి మా మందతోనే లేసింది, గీయినతోనే లేసింది. మీకు గీ పోరడు వద్దంటే నాకియ్యుండ్రి, మంద కాయ పెట్టుకుంట. గొర్లు గీయిన మాటే ఇంటున్నయి, మీరు పైనుంచి చూసిండ్రు గద!"

బీడు పోగొట్టుకున్న మనిషి నా కొలువు కోసం కొట్లాడుతుంటే నాకు నిజంగానే కళ్లల్లో నీళ్లొచ్చాయి. పెద్ద సారుకూ వచ్చాయి, ఆయనవి నవ్వి నవ్వి.

"ఇతన్ని పర్మనెంటు చెయ్యండి," అన్నాడు. "గడ్డి కోసినప్పుడల్లా మొదటి మేత ఈ అమ్మ మందకే. కానీ అమ్మా, విమానం దిగాకే."

"గట్లనే సారూ. జర జల్ది దిగుండ్రి, గొర్లకు ఆకలైతది."

ఆనాడే ఆ పొట్టేలు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: మంద ఎక్కడుందో చూసుకోకుండా ఈ జన్మలో దేనిమీదా కత్తి పెట్టనని. ఇప్పటికీ గడ్డం గీసుకునే ముందు కిటికీలోంచి ఒకసారి బయటికి చూస్తాను.